తాడు ఎవరి చేతిలో ఉంది

మా అమ్మాయి నిన్న ఫోన్‌లో ఒక ఫొటో పంపింది. గండికోట దగ్గర, పెన్న లోయ పక్కన, నిట్టనిలువు బండకు తాడు కట్టుకుని వేలాడుతూ నవ్వుతోంది. నెత్తిన ఎర్ర టోపీ, నడుముకు నాలుగు పటకాలు. వాళ్ల ఆఫీసువాళ్లంతా కలిసి వచ్చారట. నేనున్నది ప్రొద్దుటూరులో, అక్కడికి గంట ప్రయాణం. కన్నతల్లి ఇంటికి రావడానికి తీరిక లేదు గానీ బండకు వేలాడ్డానికి ఉంది. ఈ మాట అనకూడదని చాలాసేపు ఓర్చుకున్నాను. తర్వాత అన్నాను.

ఆ పైన ఫొటోను పెద్దది చేసి చూశాను. తాడు పైకి పోయి ఫొటో అంచు దగ్గర ఆగిపోయింది. పైన ఎవరున్నారో కనపడలేదు.

"తాడు ఎవురు పట్టుకున్న్యారే?" అని అడిగాను.

"ఎవరో ఇన్‌స్ట్రక్టరమ్మా."

"ఎవరో అంటే?"

"పేరు తెలీదు. ట్రైనింగ్ అయినవాళ్లే ఉంటారు. నువ్వు ఊరికే భయపడొద్దు."

నేను భయపడలేదు. నాకు కడుపు మండింది. ఆ బండ నాకు తెలుసు. పొద్దున ఎండ దాని మీద ముందు ఏ మూలన పడుతుందో, ఏ చీలికలో పెద్ద తేనెపట్టు నల్లగా వేలాడేదో, పైన అంచున బోర్లా పడుకుని కిందికి చూస్తే గబ్బిలాల కంపూ తేనె తీపీ కలిసి ముక్కుకు ఎట్లా తగిలేవో తెలుసు. తొమ్మిదేళ్లప్పుడు ఒక ఎండాకాలమంతా ఆ కొండ మీదే ఉన్నాను. ఒక్కసారి కూడా నన్ను ఆ తాడు ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు టిక్కెట్టు కొన్న ప్రతివాళ్లూ నడుముకు చుట్టుకుంటున్నారు.

మా ఊరు ఆ కొండకు దిగువన, ఏటి ఒడ్డున ఉండేది. ఇప్పుడు దాని మీద నీళ్లున్నాయి. ఊరు మునిగిన కథ కొండాపురం వైపు ఏ కాలనీలో ఎవరినడిగినా చెప్తారు, నాకంటే బాగా చెప్తారు. నేను చెప్పేది అంతకు చాలా ముందటి మాట, ఏరు ఎండితే ఇసుకలో నడిచి అవతలి ఊరికి పోయే రోజుల మాట.

అవతలి ఊరు మా అమ్మ పుట్టిల్లు. అక్కడ మా మామ ఉండేవాడు, అమ్మకు ఒక్కడే తమ్ముడు. జమ్మలమడుగు తేరుకు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తీసుకుపోయిన మనిషి. నేను మట్టిలో పొర్లినా, చెప్పు పారేసుకున్నా "మా కోడల్ని ఏమన్నా అంటే ఊరుకోను" అని మా అమ్మ మీదికే లేచేవాడు. మా నాయన అట్లా కాదు. ఎత్తుకోవడం, ముద్దుచేయడం ఆయనకు తెలియదు. ఎదురుపడితే "తిన్న్యావా?" అని అడిగేవాడు, సమాధానం వినకుండానే వెళ్లిపోయేవాడు. నాకు మామ ఉన్నాడు కాబట్టి ఆ లోటు పెద్దగా తెలియలేదు.

పార్టీలొచ్చి తెలిసింది. మా వైపు పార్టీ అంటే జెండా కాదు, జెండా తర్వాత వచ్చేది. ముందు మనుషులు రెండుగా చీలేవాళ్లు, ఆ పైన ఒక్కో చీలికకు ఒక జెండా దొరికేది. రెండు ఊళ్లకూ కలిపి ఒకటే పంచాయతీ. ఆ ఏడు సర్పంచ్ ఎన్నికల్లో మా నాయన ఒక పక్క, మా మామ ఇంకో పక్క నిలబడ్డారు. ఓట్లయిన వారానికి మామ పక్షంలో ఒకాయన చెయ్యి నాటుబాంబుకు పోయింది. వేసినవాళ్లలో మొదటి పేరు మా నాయనదే చెప్పారు. ఆయన ఆ రోజు అక్కడ ఉన్నాడో లేడో నాకు ఈనాటికీ తెలియదు. అడిగే ధైర్యం ఉన్న వయసు వచ్చేసరికి, అడగకపోవడమే మేలనే బుద్ధి కూడా వచ్చింది. పోలీసులొకవైపు, ఆ పార్టీవాళ్లొకవైపు వెతుకుతుంటే నాయన కనపడకుండా పోయాడు.

పది రోజుల తర్వాత కొండ మీది చెంచుల గూడెం నుంచి ఒకామె చీపుర్లూ నన్నారి వేర్లూ అమ్ముకోవడానికి మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ వచ్చే మనిషే. ఆ రోజు మాత్రం అమ్మ ఆమెను వంటింటి దాకా రానిచ్చి, తలుపు దగ్గరికి వేసి మాట్లాడింది. తర్వాత నన్ను కూర్చోబెట్టి రెండు జడలు వేసింది. నెత్తి తోలు లాగేంత గట్టిగా వేసింది.

"నువ్వు మీ నాయన కాడికి పోతాండావు. ఆడనే ఉండు. నువ్వుంటే ఆయప్ప కిందికి దిగడు."

"ఎందుకు దిగడు?"

"నిన్ను ఎవురికిచ్చి దిగుతాడు?"

"దిగితే ఏమయితాదమ్మా?"

అమ్మ జడ చివర రిబ్బను ముడేసింది. "దిగితే మీ నాయనన్నా ఉండడు, మీ మామన్నా ఉండడు. నాకు ఇద్దురూ కావాల."

ఆడపిల్లను దారిలో ఎవరూ ఏమీ అనరు. ఆ మర్యాద ఒకటి అప్పట్లో రెండు పార్టీలూ పాటించేవి. చెంచామె వెనక, నెత్తిన జొన్నరొట్టెల మూటతో కొండెక్కాను. ఆమె చెప్పులు లేకుండా ముళ్లమీద నడుస్తోంది, నేను చెప్పులుండీ ఏడుస్తున్నాను. మధ్యలో ఒక పొద దగ్గర ఆగి పాలపండ్లు కోసి పెట్టింది. పెదాలు జిగురుతో అతుక్కుపోయి ఏడుపు ఆగింది. తెలిసే పెట్టిందని తర్వాత అర్థమైంది.

గూడెం అంటే ఎనిమిది గుడిసెలు. ఎప్పుడో నల్లమల నుంచి వచ్చి అక్కడ నిలిచినవాళ్లట. గుడిసెల మధ్య నున్నటి బండ, దాని మీద ఎండుతున్న వేర్లు. ఆ వాసన ఇప్పటికీ ఏ సోడాబండి దగ్గర నన్నారి షర్బత్ కలుపుతున్నా నన్ను పట్టి నిలబెడుతుంది. మా నాయన ఆ బండ మీద గడ్డంతో, మోకాళ్ల పైకి కట్టిన పంచెతో కూర్చుని నార పేనుతున్నాడు. ఆయన వీపు మీద వాలి, మెడ చుట్టూ చేతులేసి, ఎట్లా పేనాలో చెప్తూ ఒక పిల్ల ఉంది. నా వయసే. చెంచామె కూతురు.

మా నాయన వీపు మీద నేనెప్పుడూ వాలలేదు. వాలవచ్చని తెలియదు.

"వచ్చినావా. తిన్న్యావా?" అన్నాడు నాయన.

తినలేదని చెప్పేలోపు ఆ పిల్ల, "అట్ల గాదు, ఎడంచేత్తో తిప్పాల" అంది. ఆయన చెయ్యి మార్చాడు.

ఆ పిల్ల నాకు చేసిన అపకారం ఒక్కటీ లేదు. రాసేటప్పుడు ఆ సంగతి ఒప్పుకోవాలి, అప్పుడు మాత్రం ఒప్పుకోలేదు. తన పాలపండ్ల దొప్ప నా ముందే పెట్టేది. నేను ఆమె చూడనప్పుడు దాంట్లో గండుచీమల్ని వదిలాను. అక్షరాలు నేర్పమంటే బండ మీద బొగ్గుతో అన్నీ తప్పుగా నేర్పాను. చింతపండులో చింతబెరడు కాల్చిన బూడిద కలిపి వాళ్లు ఇష్టంగా తింటుంటే, మా ఊళ్లో బూడిదతో అంట్లు తోముతామని చెప్పాను. ఆమె నవ్వి, "తోమిన గిన్నె తెల్లగయితాది గదా, మా పండ్లు జూడు" అంది. నిజంగానే తెల్లగా ఉన్నాయి. ఆ పూట నేను తినలేదు.

ఆ గూడెంలో రెండేళ్లుగా పెద్ద బండ తేనె దించలేదు. మనిషి లేక కాదు. ఆ పిల్ల తండ్రి తేనె తీయడంలో ఆ కొండకంతా మొనగాడు. తాడు పట్టేవాడు లేక. వాళ్ల కట్టు ప్రకారం బండ మీంచి దిగేవాడి తాడు అతని బావమరిదే పట్టాలి. చెంచామెకు ఒక్కడే తమ్ముడు. అతను నాపరాళ్ల గనిలో పనికి పోయి అక్కడే రాయి కింద పడి పోయాడు. అప్పటి నుంచి ఆ తేనె ఈగలదే అయింది.

"ఆయప్ప తోడబుట్టినోడు పట్టకూడదా?" అని ఒకరోజు ఆమెనడిగాను. ఆమె పొయ్యి ముందు గడ్డలు కాలుస్తోంది, నాయన పక్కనే తాడు పేనుతున్నాడు.

"అన్నదమ్ముడు పట్టగూడదు పాపా. వానికి ఆశ ఉంటాది, వాటా ఉంటాది. ఆలికి తోడబుట్టినోడే పట్టాల. వాడు ఇడిస్తే వాని అక్క బొట్టే గదా పొయ్యేది. వాడు ఇడవడు."

నాయన నవ్వాడు. నేను వెళ్లాక ఆయన నవ్వడం అదే మొదటిసారి, మంచి నవ్వు కాదు. "నా బామ్మర్ది చేతికి తాడిస్తే, కొయ్యను కత్తి గూడా వాడే తెచ్చుకుంటాడు."

"ఎప్పుడన్నా ఇచ్చి జూసినావా?" అంది ఆమె, గడ్డ పొట్టు తీస్తూ.

నాయన మళ్లీ తాడు మీదికి వంగాడు.

నాలుగు రోజులకు చెంచామె మా నాయన్ను అన్నను చేసుకుంది. పెద్ద తంతేమీ లేదు. పొద్దున్నే తలంటి పోసుకుని వచ్చి కొర్రన్నం ముద్ద ఆయన చేతిలో పెట్టింది. ఆయన తిన్నాడు. తన భుజం మీది తువాలు తీసి ఆమెకు ఇచ్చాడు. ఆమె దాన్ని నడుముకు చుట్టుకుంది. అంతే, గూడెమంతా లేచి "బావా" అనేవాళ్లు బావా అని, "మామా" అనేవాళ్లు మామా అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిల్ల ఒక్కటే ఏమీ అనకుండా వచ్చి ఆయన పక్కన కూర్చుని, "మేనమామంటే నాకేమిస్తావు?" అంది.

"ఏం గావాల కోడలా?" అన్నాడు మా నాయన.

కోడలా. ఆ మాట నాది. ఏటికి అవతల ఒక మనిషి నన్ను పిలిచే మాట, పార్టీ వచ్చి నాకు లేకుండా పోయిన మాట. అది మా నాయన నోట్లోనే ఉంది, ఇన్నేళ్లూ ఉంది, తీసి ఇంకెవరికో ఇచ్చాడు. మామను పోగొట్టుకున్నది నేను, మామ దొరికింది ఆ పిల్లకు. ఇందులో న్యాయం ఎక్కడుందో చెప్పమని ఇప్పుడు వాదించినా నేను ఓడిపోను.

తేనె దించిన రోజు తెల్లవారుతూనే అందరం బండ అంచుకు వెళ్లాం. పచ్చి ఆకుల పొగ కిందికి వదిలారు. ఆ పిల్ల తండ్రి తాడు కట్టుకుని అంచు దాటాడు. తాడు ఒక కొస చెట్టుకు చుట్టి, మిగతాది మా నాయన నడుముకూ చేతులకూ తిప్పి ఇచ్చారు. తాడు పట్టినవాడితో ఎవరూ మాట్లాడకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. కింద నుంచి తాడు లాగుడే ఆయనకు మాట. అందరికీ చెప్పినట్టే నాకూ చెప్పారు. ఆ పిల్ల నా పక్కన చేతులు కట్టుకుని కూర్చుంది. దాని తండ్రి ప్రాణం మా నాయన చేతుల్లో ఉందని నాకు తోచలేదు. మా నాయన దానికోసం చెమటలు కక్కుతున్నాడని మాత్రం తోచింది.

"నాయనా," అని అరిచాను. "తేలు కుట్టింది నాయనా."

మా నాయన మెడ నరాలు ఉబ్బడం చూశాను. తల మాత్రం తిప్పలేదు. ఇంకోసారి అరిచాను, ఈసారి నిజమైన ఏడుపుతో. తిప్పలేదు. ఆ పిల్ల లేచి వచ్చి నా పాదాలు రెండూ పట్టి చూసి, ఏమీ లేదని తెలిసి, నా నోటి మీద చెయ్యి పెట్టింది. కొరికాను. రక్తం వచ్చింది. చెయ్యి తియ్యలేదు.

తేనె పైకి వచ్చింది, మనిషి పైకి వచ్చాడు. అప్పుడు నాయన తాడు విప్పి నా దగ్గరికి వచ్చాడు. అరచేతులు తోలు లేచి ఉన్నాయి.

"యాడ కుట్టింది?"

"కుట్టల్యా."

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే ఈ కథ ఉండేది కాదు. "తాడు పట్టుకున్నంతసేపు నాకు బిడ్డలు ల్యారు" అన్నాడు మెల్లగా, ఎవరికో పాఠం ఒప్పజెప్పినట్టు. నా వాటా తేనెతుట్టె ఆకులో పెట్టి ఇచ్చారు. వేడిగా, పొగవాసనతో, పంటికి మైనం తగులుతూ. అంతకంటే మంచి తీపి ఆ తర్వాత నేను తినలేదు. ఆ కోపంలోనూ ఆకు నాకాను.

మరుసటి పొద్దున, కలివిపండ్లకు పోతానని అబద్ధమైనా ఎవరికీ చెప్పకుండా కొండ దిగాను. దారి తెలుసు. దిగితే ఎవరి ప్రాణాల మీదికి వస్తుందో అమ్మ చెప్పింది, అదీ తెలుసు. కానీ దిగకూడనిది నాయన కదా, నేను కాదు కదా అని నాకు నేనే వాదించుకున్నాను. ఎండిన ఏటి ఇసుక కాళ్లు కాలుస్తుంటే అవతలి ఊరికి, మా మామ ఇంటికి వెళ్లాను.

అరుగు మీద వాళ్ల పార్టీ మనుషులు ముగ్గురు కూర్చుని ఉన్నారు. నేను పెరటి వైపు నుంచి వెళ్లాను. మామ గాటి దగ్గర ఎద్దుకు మేత వేస్తున్నాడు. నన్ను చూసి గడ్డి కింద పడేశాడు. నేను ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను. నాయన గూడెంలో ఉన్నాడని, చెంచామెకు అన్న అయ్యాడని, దాని కూతుర్ని కోడలా అంటున్నాడని, తాడు పట్టుకుని నేను పిలిచినా తిరిగి చూడలేదని.

"నువ్వు రా మామా," అన్నాను. "నువ్వొచ్చి ఆ పిల్ల ముందర నన్ను కోడలా అను. ఒక్కసారి అంటే చాలు."

మామ ముఖం ఎట్లా మారిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఒక్కసారిగా అలిసిపోయినవాడిలా గాటి మీద కూర్చున్నాడు. ఇంతలో అరుగు మీది మనిషి ఒకడు నీళ్లకు పెరట్లోకి వచ్చాడు.

"ఎవురప్పా ఈ పాప? మీ అక్క కూతురు గదా? యాడ్నుంచి వస్తాంది?"

"ఇంటికాడ్నుంచే," అన్నాడు మామ లేచి. "మజ్జిగ ల్యాదంట, వాళ్లమ్మ పంపిచ్చింది. ఎంత పార్టీ అయితే మాత్రం మజ్జిగ లేదంటామా."

ఆ మనిషి నా కాళ్ల వైపు, వాటికంటుకున్న ఎర్రమట్టి వైపు చూశాడు. మామ ఒక చెంబెడు మజ్జిగ తెచ్చి నా చేతిలో పెట్టాడు. నా జేబులో బెల్లంపాకం బొరుగుల ఉండలు రెండు కుక్కాడు. చీనీతోట మధ్యగా ఏటి దాకా నాతో నడిచాడు. ఇసుక మొదలయ్యే చోట ఆగి అడిగాడు.

"తాడు మీ నాయనే పట్టిన్యాడా?"

"ఆ."

"ఇడవల్యా?"

"నేను తేలు కుట్టిందన్నా ఇడవల్యా."

మామ కొండ వైపు చూశాడు. తర్వాత వంగి నా ముఖానికి ముఖం పెట్టాడు. "ఈ పొద్దు నువ్వు నన్ను జూడల్యా. నేను నిన్ను జూడల్యా. మీ అమ్మకు గూడా చెప్పొద్దు. పో."

కోడలా అనలేదు. దానికోసమే వెళ్లాను నేను. చెంబును ఏటి ఇసుకలో పూడ్చిపెట్టి, బొరుగుల ఉండలు దారిలోనే తినేసి, ఏడుస్తూ కొండెక్కాను.

పైన ఏం జరిగిందో తర్వాత తెలిసింది. నేను కనపడకపోయేసరికి ఆ పార్టీవాళ్లు ఎత్తుకుపోయారనుకుని నాయన కొడవలి తీసుకుని కిందికి బయలుదేరాడు. అమ్మ దేనికి భయపడి నన్ను పంపిందో సరిగ్గా అదే. చెంచామె దారికడ్డం పడుకుందట. "నా బిడ్డ అడుగు పట్టి చూసొస్తాది. అది చెప్పినాంక పో అన్నా" అని. ఆ పిల్ల నా అడుగుల వెంట, నాకు కనపడకుండా, ఏటి అవతలి గట్టు దాకా వచ్చింది. తిరిగి వెళ్లి చెప్పింది, "కలివిపండ్లకు పోయింది మామా, వస్తాంది."

నేను వచ్చేసరికి నాయన బండ మీద కూర్చుని ఉన్నాడు, కొడవలి పక్కన ఉంది. నా గడ్డం పట్టుకుని ముఖం ఎత్తి చూశాడు. "తిన్న్యావా?" అన్నాడు. తిన్నానన్నాను. ఈసారి సమాధానం విన్నాడు.

ఆ పిల్ల నన్ను గుడిసె వెనక్కి లాక్కెళ్లింది. చేతికి నేను కొరికిన చోట ఆకుపసరు కట్టి ఉంది.

"ఏటికాడ నీ అడుగు పక్కన పెద్దచెప్పుల అడుగు ఎవురిది?"

"నీకేంది?"

"కొమ్మతో చెరిపేసినా," అంది. "మామకు చెప్పను."

నేను ఆ అమ్మాయిని అంతకు ముందు అసూయతో చూశాను. ఆ క్షణం నుంచి ద్వేషించాను. నేను చేసిన తప్పును అది తుడిచేసింది, అదీ ఏమీ అడగకుండా. తిట్టి ఉంటే సమానమయ్యేవాళ్లం.

ఆ తర్వాత నెలా పదిహేను రోజులు నేను బండ అంచున కూర్చుని కింది దారి చూస్తూ గడిపాను. ఏ దుమ్ము లేచినా బోర్లా పడుకుని ఎవరొస్తున్నారో చూసేదాన్ని. మామకు తెలుసు. మామ చెప్తే వాళ్లు వస్తారు. నాయనతో చెప్పి ఇంకో చోటికి పొమ్మనాలి. చెప్తే నేను వెళ్లినట్టు తెలుస్తుంది. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఎవరూ రాలేదు. మొదటి వానలు పడ్డాయి, పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు, నాయన గడ్డం గీయించుకుని ఇంటికి వచ్చాడు. ఇంటికొచ్చాక మళ్లీ "తిన్న్యావా" మనిషే అయ్యాడు.

రాజీ అయినా మామా నాయనా మాట్లాడుకోలేదు. జెండాలు మారాయి, వీళ్లు అటూ వాళ్లు ఇటూ దూకారు, ఎప్పుడూ ఇద్దరూ ఒక పక్కన మాత్రం లేరు. నా పెళ్లిలో కూడా చెరొక మూల నిలబడ్డారు. నేను కాలేజీ చదివి, చరిత్ర పాఠాలు చెప్పే పనిలో చేరి, ఊళ్లోవాళ్లందరితో అన్ని విషయాల మీదా కొట్లాడే మనిషినయ్యాను. ఈ ఒక్క విషయం ఎవరి దగ్గరా ఎత్తలేదు.

మామ జబ్బుచేసి పోయిన రోజు నాయన వెళ్లాడు. అప్పటికే ముసలివాడు. మామ పార్టీవాళ్ల మధ్య ఒక కుర్చీలో కూర్చున్నాడు, ఎవరూ పలకరించలేదు. నేను మంచినీళ్లు తీసుకుని వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఆ పొద్దు మీ మామ కాడికి పోయినావు గదా నువ్వు," అన్నాడు.

గ్లాసు కింద పెట్టి ఆయన వైపు తిరిగాను.

"నీ గడ్డానికి బెల్లంపాకం అంటింది. గూడెంలో బెల్లం యాడిది?"

"తెలిసీ ఎందుకుండినావు నాయనా ఆడనే? చంపేసుంటే?"

"ఆ మాపునే చోటు మారుదామనుకున్న్యా. మూట గూడా కట్టినా. చెంచామె అనింది, తాడు బామ్మర్ది చేతిలోకి పోయింది, ఇంగ కదలగాకు అని." ఆయన శవం వైపు చూస్తూనే మాట్లాడుతున్నాడు. "వాళ్లోళ్లకు అనుమానమొచ్చి గుడికాడికి తీసకపోయిన్యారంట మీ మామను. మీ బావ యాడుండాడో తెలవదని దీపం ఆర్పి ప్రమాణం జెయ్యమని. చేసినాడు. అబద్ధపు ప్రమాణం. మనిషి ఆ తర్వాత ఆ గుడి మెట్టెక్కల్యా."

మా ప్రాంతంలో దీపం ఆర్పి అబద్ధం చెప్పడమంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కత్తికి భయపడనివాళ్లు దానికి భయపడతారు.

"ఎప్పుడన్నా ఇచ్చి జూసినావా అనింది గదా ఆయమ్మ," అన్నాడు నాయన. "ఇచ్చి జూసినా. ఇడవల్యా."

తర్వాత లేచి, వద్దన్నవాళ్లను పక్కకు జరిపి, మామ పాడెకు భుజం పెట్టాడు. రెండు పార్టీలవాళ్లూ చూస్తూ నిలబడ్డారు.

నాయన పోయినప్పుడు చెంచామె కూతురు వచ్చింది. గూడెంవాళ్లంతా ఇప్పుడు రోడ్డు పక్క కాలనీలో ఉన్నారు, గుడిసెల చోట ముళ్లచెట్లు మొలిచాయి. ఆమె జుట్టు నాకంటే ముందే నెరిసింది, పళ్లు మాత్రం అట్లాగే తెల్లగా ఉన్నాయి. ఎవరమ్మా నువ్వని గుమ్మంలో అడిగినవాళ్లకు, "నాకు మేనమామ" అని చెప్పి నేరుగా లోపలికి వచ్చి తల దగ్గర కూర్చుంది. నేను కాళ్ల దగ్గర ఉన్నాను. చోటు మారమని ఆమెతో అనాలనిపించింది. ఆమె చేతి మీద నా పళ్ల గాటు మచ్చ తెల్లగా కనపడి, ఆగాను.

ఆ ఎండాకాలాన్ని తిప్పి తిప్పి చూసుకుంటే నాకు కనపడేది ఇదే. నాయన తాడు పట్టాడు. మామ పట్టాడు. చెంచామె పట్టింది. తొమ్మిదేళ్ల ఆ పిల్ల కూడా ఒక కొస పట్టుకుని ఇద్దరు మగవాళ్ల ప్రాణాలు నిలిపింది. నన్ను పంపిందే పట్టుకోవడానికి. విడిచిపెట్టింది నేనొక్కదాన్నే. నా అసూయ ఇంకా తగ్గలేదు, కాకపోతే ఇప్పుడు అది దేనిమీదో తెలుసు.

నిన్న ఇదంతా ఆలోచిస్తుండగానే మా అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. కిందికి దిగేశారట, బస్సు బయలుదేరబోతోందట, కోపమా అని అడిగింది.

"బస్సెక్కొద్దు. మల్లా పైకి పో," అన్నాను. "ఆయప్ప పేరేంది, ఏ ఊరు, ఎవురి బిడ్డ, కనుక్కోని రా."

"ఎవరి పేరమ్మా?"

"తాడు పట్టుకున్నోనిది. నువ్వు నేల మీద కాలు పెట్టిందాకా నిన్ను ఇడవల్యా గదా. పేరన్నా అడక్కుండా ఎట్లొస్తావే."